మత్తు దిగిన పిదప

ప్రతి సంవత్సరం సంచిక సిద్ధమయ్యే రోజులలో సంపాదక వర్గం విద్యార్థులు నా గదికి వచ్చి, "సార్, ఈసారి ఏ కవిని గూర్చి రాస్తున్నారు?" అని అడగడం, నేను ఒక ప్రబంధ కవిని గూర్చో ఒక శతకాన్ని గూర్చో నాలుగు పుటలు నింపి ఇవ్వడం ఆనవాయితీగా సాగుతున్నది. ఆ వ్యాసాలను పరీక్షల భయంతో చదివినవారిని మినహాయిస్తే, మిగిలేవారిని ఒక చేతి వేళ్ళమీద లెక్కించవచ్చు. ఈసారి కవులకు విశ్రాంతి ఇచ్చి మా ఇంటి సంగతి ఒకటి రాస్తున్నాను. ఇది సాహిత్య వ్యాసం కాదని కళాశాల కమిటీ పెద్దలు ఆక్షేపిస్తే తల వంచుకుంటాను. కాని నా ముందు బెంచీల మీద కూర్చునే విద్యార్థులలో చాలామంది ఇళ్ళలో దాదాలు, నానీలు, తాతలు, నాయనమ్మలు ఉన్నారు. ఏదో ఒకనాడు ఆ పెద్దలలో ఒకరిని ఆసుపత్రికి తీసుకొనిపోయి, వైద్యులు అడిగే ప్రశ్నలకు జవాబు చెప్పవలసిన భారం వారిమీద పడుతుంది. అటువంటి ప్రశ్న ఒకటి నన్ను అడిగారు. నేను చెప్పిన జవాబు నేటికీ నన్ను విడువలేదు.

మా అబ్బాజాన్ పోస్ట్‌మాన్‌గా పనిచేశారు. 1975లో ఉద్యోగంలో చేరి 2010లో విరమించారు. ఆ 35 సంవత్సరాలలో అధిక భాగం అమీర్‌పేట, పంజాగుట్ట ప్రాంతాలలోనే ఆయన సైకిలు తిరిగింది. "పంజ్" అంటే పారసీకంలో ఐదు, "గుట్ట" మన తెలుగు మాట. సగం వారిది, సగం వీరిది కలిపి పెట్టిన పేరు కాబట్టి అది మన ఇంటి పేరు వంటిదేనని ఆయన నవ్వుతూ అనేవారు. ఈ వ్యుత్పత్తిని భాషాశాస్త్రజ్ఞులందరూ అంగీకరిస్తారో లేదో తెలియదు కాని, తెలుగు ఎం.ఏ. చదువుతానని నేను పట్టుబట్టిన రోజున చుట్టాలందరూ ముక్కున వేలు వేసుకుంటే, ఆయన ఒక్కరే ఈ పంజాగుట్ట మాట చెప్పి నా పక్షాన నిలిచారు.

ఆయన జ్ఞాపకశక్తిని గూర్చి చెప్పకపోతే తక్కిన కథ అర్థం కాదు. 500016, 500038, 500073, 500082 అనే అంకెలు ఆయన నోట తస్బీహ్ పూసల వలె దొర్లేవి. ధరమ్ కరణ్ రోడ్డు నుండి బల్కంపేట దాకా, ఎల్లారెడ్డిగూడ నుండి ద్వారకాపురి కాలనీ దాకా ఏ సందు ఏ సందులో కలుస్తుందో, ఏ ఇంటి నంబరుకు "బార్ ఎ" ఉన్నదో, ఏ మేడమీద ఎవరు అద్దెకున్నారో ఆయనకు తెలుసు. నంబర్లు వరుసగా ఉండడం మన నగరం ఎరుగని మర్యాద. మైత్రీవనం చుట్టుపట్ల కోచింగులకు వచ్చిన పిల్లలు ఆరు నెలలకొకసారి గది మారినా, వారి ఊరి నుండి వచ్చిన మనియార్డరు వారిని వెతికి పట్టుకొనేది. నగరంలో మొట్టమొదటి సారి దారి తప్పిన ఒక కుర్రవాడిని తన సైకిలు వెనుక కూర్చోబెట్టుకొని గదికి చేర్చిన సంగతి, ఆ కుర్రవాడు పెద్ద ఇంజనీరై తిరిగి వచ్చి చెబితే గాని మాకు తెలియలేదు. ఉద్యోగ విరమణ తరువాత కూడా పెళ్ళి పత్రికల మీద చిరునామాలు రాయడానికి బంధువులందరూ ఆయన దగ్గరికే వచ్చేవారు.

2022 జనవరిలో, తెల్లవారుజామున వజూ చేసుకోవడానికి పోయి ఆయన తడి గచ్చుమీద జారిపడ్డారు. కుడి తుంటి ఎముక విరిగింది. అప్పటికి ఆయన వయస్సు 72 సంవత్సరాలు. పంజాగుట్ట వైపు ఉన్న ఒక ఆసుపత్రికి తీసుకొనిపోయాము. అంబులెన్సు నిమ్స్ ముందు నుండి పోతున్నప్పుడు, అంత నొప్పిలోనూ ఆయన తల పక్కకు తిప్పి, "ఎముకల దవాఖాన" అన్నారు. 1960లలో అక్కడ వెలసినది నిజాం ఆర్థోపెడిక్ ఆసుపత్రి. ఆ పాత పేరుతోనే ఆయన దానిని ఎన్నడూ పిలిచేవారు. చూశారా, ఎంత స్పష్టంగా ఉన్నారో అని మా ఆపాతో అన్నాను.

రెండు రోజులలోగా శస్త్రచికిత్స చేయాలని ఎముకల వైద్యులు చెప్పారు. ముసలితనంలో తుంటి విరిగి మంచం పట్టినవారికి న్యుమోనియా, కాలి సిరలలో రక్తం గడ్డకట్టడం, పడక పుండ్లు ఒకదాని వెంట ఒకటి వస్తాయని, ఆగడం వల్ల ఒరిగేదేమీ లేదని వివరించారు. ఇందులో ఎవరికీ సందేహం లేదు. చర్చంతా మత్తు దగ్గర వచ్చింది. మా మామూ, తాను ఎరిగిన ముగ్గురు పెద్దమనుషులు పూర్తి మత్తు తీసుకొని లేచిన తరువాత పిచ్చివారైనారని ఘంటాపథంగా చెప్పి, వెన్నులో ఇచ్చే సూదితోనే ఆపరేషన్ జరగాలని పట్టుబట్టారు. నేనూ అదే కోరాను. మత్తు డాక్టరమ్మ శాంతంగా విన్నది. "గుండె, ఊపిరితిత్తులు చూసిన తరువాత వెన్ను మత్తుకు నాకు అభ్యంతరమేమీ లేదు. అయితే అది ఇచ్చినంత మాత్రాన మెదడుకు పూచీ ఉన్నదని మాత్రం అనుకోకండి" అన్నది.

తరువాత ఆమె ప్రశ్నలు మొదలుపెట్టింది. రక్తపోటు, మధుమేహం, ఆయాసం, పూర్వం జరిగిన ఆపరేషన్లు, పడని మందులు, కదిలే పళ్ళు. అన్నింటికీ జవాబులు చెప్పాను. ఆఖరున, "మతిమరుపు ఏమైనా గమనించారా? దారి తప్పడం, పేర్లు తికమక పడడం వంటివి?" అని అడిగింది.

నేను నవ్వాను. "ఆయనకా డాక్టరుగారూ! అమీర్‌పేట మొత్తం ఆయన తలలో ఉన్నది" అన్నాను. ఆమె కాగితం మీద ఏదో గీత గీసి వెళ్ళిపోయింది. మంచం అవతలి పక్క నిలుచున్న అమ్మీ ఏదో చెప్పబోయి ఆగింది. అది నేను చూశాను. చూడనట్టు ఊరుకున్నాను.

ఆపరేషన్ గదిలోకి తీసుకొనిపోయే ముందు ఆయన కళ్ళద్దాలు, చెవి మిషను, కట్టుడు పళ్ళు, చేతి గడియారం ఒక ప్లాస్టిక్ కవరులో వేసి నా చేతికిచ్చారు. భద్రంగా నా సంచిలో పెట్టుకున్నాను. ఆ భద్రతను గూర్చి మళ్ళీ చెప్పవలసి ఉన్నది.

ఆపరేషన్ చక్కగా జరిగింది. సాయంత్రం ఆయన మా అందరినీ గుర్తుపట్టి మాట్లాడారు, చాయ్ అడిగారు. మామూ విజయగర్వంతో ఇంటికి పోయారు. రెండవ రాత్రి, సుమారు పదకొండు గంటలకు, అబ్బాజాన్ మంచంమీద లేచి కూర్చోబోయారు. దుప్పటి మడతలను రెండు చేతులతో తీసి, కొన్ని కుడివైపు, కొన్ని ఎడమవైపు వేస్తున్నారు. ఏమి చేస్తున్నారో అర్థం కావడానికి నాకు కొంతసేపు పట్టింది. ఆయన ఉత్తరాలు వీధులవారీగా విడదీస్తున్నారు. ఆలస్యమైపోయింది, రిజిస్టర్లు ఎక్కడ, సంతకాలు ఎవరు తీసుకున్నారు అని గద్దిస్తున్నారు. నేను చేయి పట్టుకుంటే నా ముఖంలోకి చూసి, ఎంతో మర్యాదగా, "ఘర్ నంబర్ బోలో మియా" అన్నారు. ఇల్లెక్కడని నన్ను అడుగుతున్నారు. నా పేరు చెప్పాను. ఆ పేరుగల వారెవరూ ఈ బీటులో లేరన్నారు.

జ్వరం ముదిరినప్పుడు వచ్చే ఇటువంటి ప్రలాపాన్ని మన పెద్దలు "సంధి" అనేవారు. పదేళ్ళుగా సంధులు బోధిస్తున్నవాడను, ఈ సంధిని మాత్రం ఆ రాత్రి వరకు చూడలేదు. ఆసుపత్రి వారు దానిని డెలీరియం అంటారు. సెలైన్ సూదిని రెండుసార్లు పీకివేయడంతో చేతిని మెత్తని గుడ్డతో మంచానికి కట్టడానికి నర్సు నా అనుమతి అడిగింది. ఇచ్చాను. ఇల్లిల్లూ తిరిగిన ఆ చేతిని కట్టడానికి అనుమతి ఇచ్చినవాడను నేనే. మూడవ రోజు ఆయన పూర్తిగా శాంతించారు. పిలిస్తే కళ్ళు తెరిచి మళ్ళీ మూసుకుంటున్నారు. గండం గడిచిందని ఆపా కన్నీళ్ళు తుడుచుకొని అందరికీ ఫోన్లు చేసింది.

ఆ సాయంత్రం మత్తు డాక్టరమ్మ చూడడానికి వచ్చింది. వారాల పేర్లు వెనుకనుండి చెప్పమని ఆయనను అడిగింది. ఆయన "శనివారం" అని ఆగిపోయారు. ఆమె మాతో, "మీరు దీనిని శాంతి అనుకుంటున్నారు. ఇది కూడా అదే జబ్బు. అరిచే రోగిని అందరూ గమనిస్తారు, అరవని రోగిని ఎవరూ గమనించరు. రెండవదే ఎక్కువ ప్రమాదం" అన్నది. తరువాత చుట్టూ చూసి, "ఈయన కళ్ళద్దాలు వాడరా? చెవి బాగా వినబడుతుందా?" అని అడిగింది.

నా సంచి మంచం కిందనే ఉన్నది. మూడు రోజులుగా ఉన్నది. పొగమంచు వంటి చూపుతో, సగం వినికిడితో, పళ్ళు లేని నోటితో, వేళ తెలియని గదిలో ఆ మనిషి మూడు పగళ్ళు మూడు రాత్రులు గడిపారు. ఆయన కన్నూ చెవీ నా సంచిలో భద్రంగా ఉన్నాయి. అద్దాలు పెట్టగానే ఆయన నన్ను గుర్తుపట్టి ఆలింగనం చేసుకున్నారని రాస్తే కథ బాగుండేది. అట్లా జరగలేదు. అద్దాలు పెడితే గోడ గడియారం వైపు చాలాసేపు చూశారు, అంతే. నాలుగైదు రోజులకు మెల్లగా తేట పడ్డారు. తొమ్మిదవ రోజున ఇంటికి వచ్చాము.

మూడు నెలలు గడిచాయి. ఎముక అతికింది. వాకర్ పోయి చేతికర్ర వచ్చింది. మాట, నమాజు, భోజనం, మనుమలతో పరిహాసం అన్నీ తిరిగి వచ్చాయి. వీధులు మాత్రం రాలేదు. ఎల్లారెడ్డిగూడ నుండి పంజాగుట్టకు ఎటు పోవాలని పిల్లలు ఆటగా అడిగితే ఆయన చెప్పబోయి, మధ్యలో ఎక్కడో ఆగి, "అక్కడొక చెట్టుండేది" అని మాట మార్చేవారు. పాల లెక్క రాయబోయి పుస్తకం మూసేవారు. వచ్చిన ప్రతి బంధువుకూ నేను ఒకే వాక్యం చెప్పాను: "ఆపరేషన్‌కు ముందు బంగారంలా ఉండేవారు. మత్తు పాడుచేసింది." వెన్ను మత్తే కదా ఇచ్చారు అని ఎవరైనా అంటే, దానితోపాటు నిద్రకు ఏదో కొంచెం ఇచ్చి ఉంటారని జవాబు కూడా సిద్ధం చేసుకున్నాను.

ఒకరోజు నేను ఈ వాక్యం చెబుతుండగా అమ్మీ చాయ్ కప్పులు తెచ్చి పెట్టింది. చుట్టాలు పోయిన తరువాత, "బేటా, ఆ మెట్రో స్తంభాల సాయంత్రం సంగతి మరిచిపోయావా?" అని అడిగింది.

మరిచిపోలేదు. అది 2021 నాటి మాట. అసర్ నమాజుకు పోయిన మనిషి మగ్రిబ్ దాటినా ఇంటికి రాలేదు. నేను స్కూటరు వేసుకొని వెతికితే అమీర్‌పేట మెట్రో స్టేషను కింద నిలుచుని ఉన్నారు. స్తంభాలన్నీ ఒకే తీరుగా ఉన్నాయని, వీధి ముఖమే మారిపోయిందని అన్నారు. 2017లో అక్కడ రైలు వచ్చిన తరువాత ఆ వీధి ముఖం మారిన మాట నిజం. ఆ నిజాన్ని అడ్డం పెట్టుకొని నేను అసలు నిజాన్ని దాటవేశాను. మందుల దుకాణంలో ఒకే బిల్లు రెండుసార్లు చెల్లించిన సంగతి, నన్ను చనిపోయిన మా చాచా పేరుతో పిలిచిన సంగతి కూడా అట్లాగే దాటవేశాను. అమ్మీ మాత్రం ఒక సంవత్సరం నుండి ఆయన మాత్రలు తానే లెక్కపెట్టి ఇస్తున్నది. పాల లెక్క ఆయన పుస్తకంలో ఆయన రాతను పోలినట్టు తానే రాస్తున్నది. ఈ సంగతి ఆ రోజున నాకు తెలిసింది. డాక్టరమ్మ ప్రశ్నకు ఆమె దగ్గర జవాబు ఉన్నది. మాట్లాడినది నేను.

అటు తరువాత, చదువుకున్నవాడు చేయగలిగిన పని ఒకటే కాబట్టి, దీనిని గూర్చి చదవడం మొదలుపెట్టాను. జంతుశాస్త్రం బోధించే మిత్రుడొకరు నాకు అర్థం కాని మాటలు విప్పి చెప్పారు. మొదట ఎదురైనది మన నగరమే. 1888లోను, మళ్ళీ 1889లోను హైదరాబాదులో క్లోరోఫాం కమిషన్ పేరిట పరిశోధనలు జరిగాయి. రెసిడెన్సీ సర్జనుగా ఉండి ఇక్కడి వైద్య పాఠశాలను నడిపిన ఎడ్వర్డ్ లారీ దానికి మూలపురుషుడు; ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ధనసహాయం చేశారు. రెండవసారి లండన్ నుండి లాడర్ బ్రంటన్ అనే ప్రసిద్ధ వైద్యుణ్ణి పిలిపించారు. ఆ కాలంలోనే హైదరాబాదు వైద్య పాఠశాలలో చదివి, రోగులకు క్లోరోఫాం ఇవ్వడంలో ఆరితేరిన రూపాబాయి ఫర్దూన్‌జీ ప్రపంచంలోనే తొలి మహిళా మత్తు వైద్యురాలని పేరు పొందింది. ఈ సంగతులు మన పాఠ్యపుస్తకాలలో ఎందుకు లేవో నాకు తెలియదు. వందలకొద్దీ కుక్కలకు, కోతులకు, ఇతర జంతువులకు క్లోరోఫాం ఇచ్చి చూసి, అది ముందు శ్వాసను ఆపుతుంది, గుండెను నేరుగా ఆపదు, కనుక వైద్యుడు శ్వాసను గమనిస్తే చాలునని కమిషన్ తీర్మానించింది. లండన్ నుండి వెలువడే లాన్సెట్ పత్రిక ఆ నివేదికను 1890లో ప్రచురించింది. ఆ తీర్మానం నిలువలేదు. తక్కువ మోతాదు క్లోరోఫాంలోనే గుండె లయ తప్పి హఠాత్తుగా ఆగిపోగలదని 1911లో లెవీ అనే శాస్త్రజ్ఞుడు ప్రయోగపూర్వకంగా చూపించారు.

లారీ గారు తప్పు చేశారని నవ్వడానికి ఈ ముచ్చట ఎత్తలేదు. అంత శ్రమపడి, అంత నిజాయితీగా పరిశోధించిన మనిషి కూడా తనకు ఇష్టమైన కారణం దొరకగానే రెండవ కారణం వైపు చూడడం మానుకున్నాడు. నేను ఒక్క కుక్కనైనా పరీక్షించకుండానే అదే పని చేశాను. ఇంకొక మాట కూడా తోచింది. కమిషన్ వారు జంతువుల శ్వాస లెక్కించారు, నాడి లెక్కించారు. మత్తు దిగిన తరువాత ఆ కుక్కకు ఇంటి దారి జ్ఞాపకమున్నదా అని ఆ కాలంలో ఎవరికీ అడగాలని తోచలేదు. బ్రతికి లేవడమే అప్పటికి ఘనకార్యం.

ఆ ప్రశ్న అడగడానికి మరి కొన్ని దశాబ్దాలు పట్టింది. 1955లో అదే లాన్సెట్ పత్రికలో, ఆక్స్‌ఫర్డ్‌లో వృద్ధులకు వైద్యం చేసే బెడ్‌ఫర్డ్ అనే వైద్యుడు ఒక వ్యాసం రాశారు. ఆపరేషన్ తరువాత మా పెద్దాయన మునుపటి మనిషి కాలేదని బంధువులు పదే పదే చెప్పడం విని, ఆయన 1,193 మంది వృద్ధుల సంగతి విచారించారు. సుమారు నూటికి పదిమందిలో మనస్సు దెబ్బతిన్నదని రాసి, తప్పనిసరి అయితే తప్ప వృద్ధులకు శస్త్రచికిత్స తలపెట్టరాదని హెచ్చరించారు. ఇది చదివి నా వాక్యానికి బలం దొరికిందని సంతోషించాను. ఆ సంతోషం ఎక్కువ కాలం నిలువలేదు.

1998లో, ఎనిమిది ఐరోపా దేశాలలోను అమెరికాలోను ఉన్న 13 ఆసుపత్రులలో, 60 ఏళ్ళు దాటి పెద్ద ఆపరేషన్ జరిగిన 1,218 మందిని పరీక్షించిన ఫలితాలు వెలువడ్డాయి. ఈసారి బంధువుల మాట మీద ఆధారపడక, ఆపరేషన్‌కు ముందే అందరి జ్ఞాపకశక్తిని, చురుకుదనాన్ని పరీక్షలు పెట్టి కొలిచారు. ఒక వారం తరువాత నూటికి సుమారు 26 మంది, మూడు నెలల తరువాత సుమారు పదిమంది తగ్గి కనబడ్డారు. ఆపరేషన్ లేకుండా పోల్చి చూడడానికి తీసుకున్న వృద్ధులలో ఈ సంఖ్య నూటికి మూడు మాత్రమే. కాబట్టి బంధువుల గోడు వట్టి భ్రమ కాదు. అయితే ప్రాణవాయువు తగ్గడం వల్లనో, రక్తపోటు పడిపోవడం వల్లనో ఇది జరుగుతుందని అప్పటివరకు ఉన్న అనుమానం మాత్రం ఆ పరిశోధనలో రుజువు కాలేదు. వయస్సే ముఖ్య కారణంగా తేలింది. వారిలో కొందరిని ఒకటి రెండు సంవత్సరాల తరువాత మళ్ళీ పరీక్షిస్తే, ఆపరేషన్ జరిగినవారికీ జరగనివారికీ పెద్ద భేదం కనబడలేదు.

మామూ సిద్ధాంతం సంగతి 2021లో తేలింది. తుంటి విరిగిన 1,600 మందిలో సగం మందికి వెన్ను మత్తు, సగం మందికి పూర్తి మత్తు ఇచ్చి అమెరికా, కెనడా దేశాలలో పోల్చి చూశారు. డెలీరియం వచ్చినవారు వెన్ను మత్తులో నూటికి 20.5, పూర్తి మత్తులో 19.7. ఉన్న ఆ కాస్త తేడాకు లెక్కలోకి వచ్చే విలువ లేదు. ఈ అంకెలు పట్టుకొని మామూ దగ్గరికి పోతే, ఆయన కాగితం తిరగేసి చూసి, "అమెరికావాళ్ళ వెన్నెముకలు వేరే" అని తీర్పు చెప్పారు.

మరి కారణమేమిటి? ఎముక విరగడం, కోత పడడం శరీరమంతటా ఒక వాపు వంటి కల్లోలాన్ని లేపుతాయని, దాని సంకేతాలు మెదడు దాకా చేరుతాయని శాస్త్రజ్ఞులు అంటున్నారు. నొప్పి, నిద్రలేమి, కొన్ని రకాల నిద్రమాత్రలు, అలవాటు లేని గది దానికి తోడవుతాయి. పడుచు మెదడు ఈ దెబ్బను తట్టుకుంటుంది. ఇంతకుముందే లోలోపల అరిగిన మెదడుకు నిలువ ధనం ఉండదు; ఉన్నది కాస్తా ఒక్క ఖర్చుతో బయటపడుతుంది. ఈ కారణం చేతనే 2018లో నిపుణులు కూడి ఈ రుగ్మతలకు కొత్త పేర్లు పెట్టినప్పుడు, ఆపరేషన్‌కు ముందునుంచే ఉన్న లోపాన్ని కూడా ఆ వర్గీకరణలో చేర్చారు. ముందు ఎట్లా ఉన్నాడో తెలియని మనిషి తరువాత ఎంత పోగొట్టుకున్నాడో ఎవరూ చెప్పలేరు. అబ్బాజాన్ విషయంలో ఆ ముందు సంగతి చెప్పవలసిన చోట నేను నవ్వాను. వీధులను ఆపరేషన్ తీసుకొనిపోయిందా, అప్పటికే పోతున్న వీధులను కాస్త తొందరపెట్టిందా అనే ప్రశ్నకు ఇక జవాబు దొరకదు.

నివారణ విషయంలో నన్ను ఎక్కువగా కలచివేసినది ఒక పాత పరిశోధన. 1999లో అమెరికాలో, 70 ఏళ్ళు దాటిన 852 మంది రోగుల మీద జరిగింది. ఆపరేషన్ రోగులు కారు, మామూలు వార్డులలో చేరినవారే. వారిలో సగం మందికి వేళ, తేదీ, చోటు గుర్తుచేస్తూ మాట్లాడారు, కళ్ళద్దాలు, చెవి మిషన్లు తప్పక పెట్టారు, నీళ్ళు తాగించారు, లేపి నడిపించారు, రాత్రి మందు లేకుండానే నిద్ర పట్టేటట్టు చూశారు. డెలీరియం నూటికి 15 మందికి వచ్చేది, పదిమందికి తగ్గింది. ఇందులో ఒక్క కొత్త మందు లేదు. ప్రతి పడక పక్కనా కూర్చునే కొడుకూ కోడలూ చేయగల పనులే అన్నీ. మన ఆసుపత్రులలో రోగికి తోడు మనుషులకు కొరత లేదు; ఒక్కొక్క మంచానికి అర డజను మంది ఉంటాము. ఫోన్లు చూసుకుంటూ కూర్చుంటాము. సంచి కాళ్ళ దగ్గర ఉంటుంది.

2023లో మా ఫుప్పీకి పిత్తాశయంలో రాళ్ళకు ఆపరేషన్ అవసరమైంది. ఈసారి ఒక నోటుపుస్తకం పట్టుకొని పోయాను. మత్తు వైద్యుడు అడగకముందే ఆమె ఏయే పేర్లు తికమక పడుతున్నదో, ఎన్నిసార్లు పొయ్యిమీద పాలు మరిచిందో, ఏ నిద్రమాత్ర వేసుకుంటున్నదో చదివి వినిపించాను. ఫుప్పీ అగ్గిమీద గుగ్గిలమైంది. "అన్న కొడుకువై ఉండి నన్ను డాక్టరు ముందర పిచ్చిదాన్ని చేశావు" అని రెండు నెలలు నాతో మాట్లాడలేదు. ఆపరేషన్ రోజున ఆమె కళ్ళద్దాలు నా జేబులోనే ఉంచుకొని, బయటికి తేగానే ముక్కుమీద పెట్టాను. ఆమె కళ్ళు తెరిచి, నన్ను చూసి, ముఖం గోడవైపు తిప్పుకున్నది. ఆ కోపం చూసి నేను ఎంత సంతోషించానో చెప్పలేను. ఆమెకేమీ కాకపోవడంలో నా నోటుపుస్తకం ప్రతాపం ఎంత ఉన్నదో, ఆమె అదృష్టం ఎంత ఉన్నదో మాత్రం లెక్క తేల్చలేను.

అబ్బాజాన్‌తో ఇప్పుడు సాయంత్రాలు నడుస్తాను. డాక్టరు చెప్పిన నడక అది. పంజాగుట్ట చౌరస్తా వైపు పోతున్నప్పుడు నేను దారి చెప్పను, ఆయన అడిగేదాకా ఆగుతాను. కొన్నిసార్లు అడుగుతారు. కొన్నిసార్లు, నాకు తెలియని ఏదో మూల దగ్గర ఆగి, ఫలానా మేడమీద ఫలానా ఊరి పిల్లలుండేవారని మొత్తం చెబుతారు. ఆ మేడ ఇప్పుడు లేదు. ఆయన చెప్పినది నిజమో కాదో సరిచూసే మార్గమూ లేదు. నేను తల ఊపుతాను.

గత సంవత్సరం ఆపా కూతురి నికాహ్ కుదిరింది. చిరునామాలు అచ్చువేసిన చీటీలు అంటించవచ్చునని పిల్లలు అన్నారు. అమ్మీ ఒప్పుకోలేదు. కవర్ల కట్ట, నీలం కలం ఆయన ముందు పెట్టింది. ఆయన రెండు రోజులు కూర్చుని 40 కవర్లు రాశారు. అక్షరాలు ఎప్పటివలెనే ముత్యాలు. నేను పోస్టు చేయడానికి తీసుకొనిపోతూ దారిలో తిరగేశాను. సంజీవరెడ్డి నగర్‌లో ఉండే తన పాత సహోద్యోగి పేర రాసిన కవరు మీద పిన్‌కోడు 500082 అని ఉన్నది. అక్కడికి 500038 రాయాలి. ఈ అంకె నాకు నేర్పినది ఆయనే. కలం జేబులోనే ఉన్నది. తీయకుండానే కవరును డబ్బాలో వేశాను.

ఐదవ రోజున ఆ పెద్దమనిషి స్వయంగా వచ్చారు, పత్రిక చేతిలో పట్టుకొని. అబ్బాజాన్‌ను కౌగిలించుకొని, "నీ రాత చూడగానే గుర్తుపట్టాను" అన్నారు. వారిద్దరూ చాయ్ తాగుతుండగా ఆ కవరు బల్లమీద ఉన్నది. చివరి రెండు అంకెలను ఎవరో అడ్డంగా కొట్టివేసి, పక్కన ఎర్ర సిరాతో 38 వేశారు.